ఎస్టీమ్ బ్రేకు బోల్టులకు తీగ కట్టడం: షెడ్డు డైరీ

అక్టోబర్ 6

పార్సిళ్ళన్నీ వచ్చేశాయి. ఆటోనగర్ షెడ్డులో నేలంతా అట్టముక్కలు, బుడగల కవర్లు.

బండి సంగతి తెలియనివాళ్ళకి: 1998 మోడల్ మారుతీ ఎస్టీమ్, 1.3 లీటర్ ఇంజిన్. లోపల డ్రైవర్ సీటు, రోల్ కేజ్ (బోల్తా కొడితే కాపాడే ఇనుప గొట్టాల పంజరం) తప్ప ఇంకేమీ మిగల్లేదు. విజయవాడ నుంచి లారీ మీద ఎక్కించుకుని ట్రాక్ డేలకి, అంటే రేస్ ట్రాక్ మీద సొంత బండి నడుపుకునే రోజులకి, తీసుకెళ్తాను, అంతే. రోడ్డు మీద తిప్పను. కంపెనీ ఇచ్చిన బండిని ఇష్టమొచ్చినట్టు మార్చి రోడ్డెక్కించకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. బ్రేకుల విషయంలో ఆ మాట సెక్షన్ లేకపోయినా వినాల్సిందే.

పోయినేడు శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద ఐదో ల్యాపుకే బ్రేకు పెడల్ మెత్తబడిపోయింది. ల్యాపు 3.7 కిలోమీటర్లు. తొక్కిన ప్రతిసారీ పెడల్ ఇంకాస్త లోపలికి పోతుంటే కడుపులో అదోలా ఉంటుంది. అందుకే ఈసారి ముందు చక్రాలకి పెద్ద డిస్కులు, వాటిని ప్యాడ్లతో నొక్కి పట్టే నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు.

డిస్కు ఒకటే ముక్క కాదు. బయట పోత ఇనుము రింగు, లోపల అల్యూమినియం టోపీ, రెంటినీ కలుపుతూ ఎనిమిది ఎం6 (6 మి.మీ. మందం) బోల్టులు. కొత్త క్యాలిపర్ ఎస్టీమ్ నకుల్ (చక్రాన్ని మోసే ఇనుప ముక్క) మీద కూర్చోదు కాబట్టి మధ్యలో 12 మి.మీ. ఇనుప ప్లేటుతో అడాప్టర్ కోయించాను. అడాప్టర్‌ని నకుల్‌కి పట్టేవి రెండు ఎం10 బోల్టులు, క్యాలిపర్‌ని అడాప్టర్‌కి పట్టేవి ఇంకో రెండు. ఒక్కో వైపు పన్నెండు. మొత్తం ఇరవై నాలుగు.

డిస్కులతో వచ్చిన ఎం6 బోల్టుల తలల్లో సూది పట్టేంత రంధ్రాలున్నాయి. మేస్త్రీ ఒకటి తీసి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూశాడు.

"ఇదేంటి సార్, ముక్కుపుడక పెట్టడానికా?"

బోల్టు వదులై ఊడిపోకుండా తీగ కట్టడానికి అన్నాను. స్ప్రింగ్ వాషర్ వేస్తే బోల్టు ఎక్కడికి పోతుందన్నాడు. ముప్పై ఏళ్ళుగా వేస్తున్నాడు, ఆయన నమ్మకం ఆయనది.

అక్టోబర్ 13

వారమంతా ఇదే చదివాను. బోల్టు ఎందుకు వదులవుతుంది?

నిలువుగా అదిరితే వదులవుతుందని నేను అనుకునేవాణ్ణి. అసలు దొంగ అడ్డ కదలిక. బిగించిన రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పక్కకి జారితే, జారిన ప్రతిసారీ మర చుట్ల మధ్య ఒరిపిడి ఒక్క క్షణం చేతులెత్తేస్తుంది, ఆ క్షణంలో బోల్టు కాస్త వెనక్కి తిరుగుతుంది. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు దీన్ని మిషన్ కట్టి మరీ చూపించాడు. ఇప్పటికీ ఆ పరీక్షని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ మిషన్ మీద మామూలు స్ప్రింగ్ వాషర్ పెట్టినా పెట్టకపోయినా పెద్ద తేడా ఉండదు. జర్మనీ వాళ్ళు స్ప్రింగ్ వాషర్ ప్రమాణం డిన్ 127ని ఎప్పుడో తీసిపారేశారు. ఇది మేస్త్రీకి చెప్పాను. "జర్మనీ వాళ్ళ రోడ్లు వేరు సార్" అన్నాడు.

మిగతా దారులు. నైలాక్ నట్టులో నైలాన్ రింగు 120 డిగ్రీల దాకానే. లాక్‌టైట్ 243 మర జిగురు, అదే నీలం రంగుది, 180 దాకా. ట్రాక్ మీద డిస్కు రింగు 400 దాటడం మామూలే. ఎం6 బోల్టులు దానికి ఆనుకునే ఉంటాయి. అక్కడ నైలాన్, జిగురు రెండూ పనికిరావు. ఇక మిగిలింది తీగ. తీగకి వేడితో పేచీ లేదు. పైగా ఉందో లేదో కంటికి కనిపిస్తుంది, లోపల జిగురు బతికుందో చచ్చిందో ఎవరికి తెలుసు?

తెనాలి బాబాయికి ఫోన్ చేశాను. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్. దుండిగల్‌లో కిరణ్ విమానాల మీద చాలా ఏళ్ళు చేశాడు. సేఫ్టీ వైర్ అంటే మొదట అర్థం కాలేదు.

"వైర్ లాకింగా? అలా చెప్పు. సంక్రాంతి దాకా ఆగకు, ముందే రా. నువ్వు చేసింది చూడకుండా మాత్రం బండి నడపొద్దు."

అక్టోబర్ 20

తీగ కొనడమే పెద్ద పని అయింది. హార్డ్‌వేర్ షాపులో అడిగితే బైండింగ్ వైరు చుట్ట ముందు పెట్టారు. అది స్లాబుకి ఊచలు కట్టే తీగ, మెత్తగా ఉంటుంది, నెల రోజుల్లో తుప్పు. మేస్త్రీ ఇంకా తెలివైన సలహా ఇచ్చాడు: వెల్డింగ్ షాపులో మిగ్ వైరు ఉంది కదా, అదీ 0.8 మి.మీ. మందమే. ఒక మూర తెచ్చి మెలిపెట్టి చూశాం. స్ప్రింగులా ఎగిరి చేతికి గీసుకుంది, రెండోసారి గట్టిగా తిప్పితే పుటుక్కున తెగింది. రాగి పూత కింద మామూలు ఇనుమే కాబట్టి తుప్పు కూడా ఖాయం.

కావాల్సింది 304 రకం స్టెయిన్‌లెస్ తీగ, అది కూడా కాల్చి మెత్తబరిచింది. మెలిక తిరగాలి, తిరిగాక అలాగే ఉండిపోవాలి. ఆన్‌లైన్‌లో ఒక పౌండు చుట్ట తెప్పించాను, 0.8 మి.మీ. మందం. లెక్క వేస్తే నూట పది మీటర్ల దాకా వస్తుంది. ఎస్టీమ్‌కే కాదు, నా మనవడి ఎస్టీమ్‌కి కూడా సరిపోతుంది. దాంతోపాటు మెలిపెట్టే ప్లయర్ ఒకటి. కొసలు పట్టి లాక్ చేసి, వెనక గుండీ లాగితే బొంగరంలా గిర్రున తిరుగుతుంది. షెడ్డులో కుర్రాళ్ళంతా తలో మీటరు తీగ మెలిపెట్టి పాడుచేశారు.

నవంబర్ 3

ఎం10 బోల్టులకి రంధ్రాలు వేయడం మొదలుపెట్టాం. అనుకున్నదానికన్నా పది రెట్లు కష్టం.

మొదట 12.9 గ్రేడు బోల్టులు కొన్నాను, గట్టివైతే మంచిదే కదా అని. ఒక్క తలలోకి దిగేలోపు రెండు డ్రిల్లు బిట్లు పోయాయి. వెనక్కి ఇచ్చేసి 10.9 తెచ్చుకున్నాను. ఈ పనికి ఆ బలం చాలు, బిట్టు కూడా బతుకుతుంది.

తల వెడల్పు 17 మి.మీ., రంధ్రం 1.6. అంటే మందానికి పదింతల లోతు. పెన్సిల్ ముల్లంత బిట్టుతో ఇనుములో సొరంగం తవ్వడం. మామూలు వైస్‌లో పట్టి సెంటర్ పంచ్ కొట్టి వేస్తే మొదటి బోల్టులో బిట్టు పక్కకి జారి, ఆ పక్క చదునులో కాకుండా మూల దగ్గర బయటికొచ్చింది. రెండో దాంట్లో లోపలే విరిగి ఉండిపోయింది. విరిగిన బిట్టు ఇరుక్కున్న బోల్టుని చెత్తబుట్టలో పడేయడం తప్ప చేసేదేం లేదు. అది బోల్టుకన్నా గట్టిది.

నవంబర్ 10

ఇవాళ పక్క షెడ్డు లేత్ మాస్టారి దగ్గర కూర్చుని జిగ్ చేయించాను, బోల్టుని పట్టి ఉంచి బిట్టుకి దారి చూపే అచ్చు. 30 మి.మీ. చదరపు కడ్డీ ముక్క. పైన సరిగ్గా 17 మి.మీ. గాడి, అందులో బోల్టు తల దిగి కదలకుండా కూర్చుంటుంది. గాడి అడుగున బోల్టు కాడ దిగడానికి పెద్ద రంధ్రం. రెండు పక్క గోడల్లోంచి ఎదురెదురుగా 1.6 రంధ్రాలు. తల ఎత్తు 6.4 మి.మీ., రంధ్రం సరిగ్గా నడుమ పడేలా లెక్కపెట్టాం. కిందికి జారితే తల, కాడ కలిసే మెడ దగ్గర దెబ్బతింటుంది. బోల్టు బలమంతా అక్కడే ఉంది.

ఉపాయం మాస్టారిదే: ఒక వైపు నుంచి చివరిదాకా వెళ్ళొద్దు, సగం తవ్వి జిగ్‌ని తిరగేసి అటు నుంచి సగం తవ్వు. బిట్టు విరిగేది ఎక్కువగా అవతలికి పొడుచుకొచ్చే క్షణంలోనే. మధ్యలో రెండు సొరంగాలు కలిసేటప్పుడు ఆ గుంజుడు తక్కువ. కోబాల్ట్ బిట్టు, నిమిషానికి రెండు వేల చుట్లు, చుక్క చుక్కగా కటింగ్ ఆయిల్. ఒక మి.మీ. దిగగానే పైకి తీసి రజను దులపాలి, మళ్ళీ దించాలి. చెయ్యి తొందరపడితే అయిపోయింది. చెవి పెట్టి వింటే తెలుస్తుంది: సన్నగా గీరుతున్నంతసేపూ బాగానే ఉన్నట్టు, కీచుమంటే కోయడం మానేసి రుద్దుతున్నట్టు. రుద్దితే ఆ చోటు ఇంకా గట్టిపడి అసలుకే మోసం.

ఆఖరికి పది బోల్టులు సిద్ధం. ఎనిమిది బండికి, రెండు అదనం. విరిగిన బిట్లు ఏడు, పోయిన బోల్టులు మూడు. ప్రతి రంధ్రం అంచునీ 3 మి.మీ. బిట్టు చేత్తో తిప్పి నున్నగా చేశాను. లేకపోతే ఆ పదునైన అంచే తీగని కోసేస్తుంది.

బైకు రేసులవాళ్ళకి రంధ్రాలు వేసిన బోల్టులు రెడీమేడ్‌గా దొరుకుతాయని ఇది అంతా అయ్యాక ఒక స్నేహితుడు చెప్పాడు. వాడికి థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాను.

నవంబర్ 24

తెనాలి. బాబాయి పెరట్లో బాదం చెట్టు కింద పాత తలుపు చెక్క ఒకటి బల్లలా వేసి ఉంచాడు. నేను తెచ్చిన బోల్టులు ఆరు అందులో బిగించాం. పిన్ని టీ తెచ్చి, ఇద్దరూ చెక్కకి తీగ చుట్టుకుంటూ కూర్చోవడం చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

నేను వీడియోలు చూసి నేర్చుకున్న పద్ధతిలో ఒక జంట కట్టి చూపించాను. చూడ్డానికి ముచ్చటగా వచ్చింది. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని వేలితో తీగ మీద ఒక్క నొక్కు నొక్కాడు.

"ఇది ఎటు లాగుతోంది?"

చూస్తే, రెండో బోల్టుని విప్పే వైపు లాగుతోంది. నేను తిరగేసి కట్టేశానన్నమాట. బాబాయి అది తెంపేసి మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు, ఈసారి నేను ప్లయర్ ముట్టుకోకుండా.

రెండు బోల్టులు పక్కపక్కన ఉన్నాయనుకోండి, రెండూ మామూలు కుడి మరవే. ఎడమ బోల్టు నెత్తి మీద నుంచి తీగ బయల్దేరాలి, కుడి బోల్టు కింద నుంచి వెళ్ళి పట్టుకోవాలి. అప్పుడు ఎడమ బోల్టు వదులవ్వాలంటే తీగని లాగాలి, ఆ లాగుడు కుడి బోల్టుని బిగించే వైపు పోతుంది. కుడిది వదులవ్వబోతే ఎడమదాన్ని బిగించాలి. ఒకడి జుట్టు ఇంకొకడి చేతిలో. కంగారులో గుర్తుండాలంటే ఒకటే చూసుకోవాలి: తీగ గట్టిగా లాగితే బోల్టు బిగుస్తుందా, విడుతుందా.

కట్టే వరస ఇది. తీగని సగానికి మడిచి ఒక కొసని మొదటి బోల్టు రంధ్రంలోంచి తీయాలి, రెండో కొసని తల చుట్టూ తిప్పి తేవాలి. రెండూ కలిసిన చోట మెలిక మొదలు. రెండో బోల్టు రంధ్రానికి మూడు మి.మీ. ముందు మెలిక ఆపాలి. ఒక కొస రంధ్రంలోంచి, ఇంకోటి తల చుట్టూ, మళ్ళీ మెలిక. ఈసారి తిప్పడం వ్యతిరేక దిశలో, అలా తిప్పితేనే తల చుట్టూ ఉన్న చుట్టు పైకి జారకుండా కిందికి హత్తుకుని ఉంటుంది. నాలుగు మెలికలయ్యాక కత్తిరించి, ఆ తోకని వెనక్కి మడిచి లోపలికి నొక్కేయాలి. ఎయిర్‌ఫోర్స్‌లో దాన్ని పిగ్‌టెయిల్ అనేవారట. మడవకుండా వదిలేసిన తోక మీద ఎవరి చేతి తోలో లేచిపోతుంది.

మెలికలు అంగుళానికి ఆరు నుంచి ఎనిమిది. బాబాయి స్కేలు పెట్టడు, బొటనవేలి గోరు మెలికల మీద నడిపిస్తూ పెదాలతో లెక్కపెడతాడు. ప్లయర్ సరదాగా ఉంది కదా అని నేను పన్నెండు దాకా తిప్పేసినదాన్ని చేత్తో అటూ ఇటూ వంచాడు, మూడోసారికి విరిగింది. ఎక్కువ మెలిపెడితే తీగ లోపల గట్టిపడి పెళుసవుతుంది. తక్కువైతే వదులుగా ఊగి ఒరుసుకుని తెగుతుంది. విప్పిన తీగని మళ్ళీ వాడకూడదు, ఎంత బాగున్నా సరే.

ఇంకో తప్పు చేయబోయాను. రెండో బోల్టు రంధ్రం తీగకి అందని దిక్కులో ఆగింది. కొంచెం వెనక్కి తిప్పితే సరిపోతుంది కదా అని పానా అందుకున్నాను. బోల్టుని ఇంత బలంతో బిగించాలన్న లెక్కే టార్క్, నేను దాన్ని చెడగొట్టబోయాను. బాబాయి చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరేయ్, టార్క్ నీ రంధ్రం కోసం కాదు. బోల్టు మార్చు, వాషర్ మార్చు. తిప్పుడు మాత్రం మార్చకు."

అప్పుడే ఆయన ఇంకో మాట అన్నాడు. ఈ తీగ పలుపులాంటిది. గేదె గుంజ దాటి పోకుండా ఆపుతుంది. గేదె ఒంట్లో బాగుందో లేదో పలుపుకి తెలీదు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను.

వచ్చేముందు స్టీలు గిన్నె ఒకటి చేతిలో పెట్టాడు. కత్తిరించిన ప్రతి తోకా అందులో పడాలి, పని అయ్యాక లెక్క సరిపోవాలి. విమానంలో ఒక్క ముక్క తక్కువైతే దొరికేదాకా ఎవరూ ఇంటికి వెళ్ళరట.

డిసెంబర్ 8

ఇవాళ బండి మీద.

మొదట డిస్కులు, బల్ల మీదే. రింగు, టోపీ, ఎనిమిది ఎం6 బోల్టులు, కిట్‌తో వచ్చిన కాగితంలో ఉన్న టార్క్. ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా బిగించుకుంటూ వెళ్ళాను, మూడు విడతల్లో. జంటకొక తీగ చొప్పున డిస్కుకి నాలుగు. బల్ల మీద కాబట్టి హాయిగా అయిపోయింది.

నకుల్ దగ్గర మాత్రం నరకం. బోల్టు తలలు లోపలి వైపు, స్టీరింగ్ రాడ్డుకీ షాక్ అబ్జార్బర్ స్ట్రట్‌కీ మధ్య. ప్లయర్ దూరుతుంది, తిరగదు. ఆఖరికి చేత్తోనే మెలిపెట్టి, మామూలు నోస్ ప్లయర్‌తో బిగించాను. ఒక జంటకి నలభై నిమిషాలు, మూడు ప్రయత్నాలు. ఎం10 బోల్టులకి 70 న్యూటన్ మీటర్ల టార్క్ పెట్టాను. ప్రతి తల మీద నుంచి పక్క లోహం మీదికి చెల్లెలి నెయిల్ పాలిష్‌తో ఒక గీత. బోల్టు తిరిగితే గీత విరుగుతుంది.

గిన్నెలో పన్నెండు తోకలు. లెక్క సరి.

చక్రం పెట్టకుండా హబ్‌ని చేత్తో తిప్పితే టిక్... టిక్... అని ఒకటే చప్పుడు. టోపీ బోల్టుల తోక ఒకటి నేను బయటికి మడిచాను, అది క్యాలిపర్‌కి తగులుతోంది. లోపలికి నొక్కితే సరిపోయేదే. కానీ దెబ్బలు తిన్న తీగ కాబట్టి తెంపేసి కొత్తది కట్టాను. గిన్నెలో పదమూడు.

మేస్త్రీ కాసేపు వంగి చూశాడు. "అందంగా ఉంది సార్. ఇక జన్మలో ఊడదు." నాకూ అలాగే అనిపించింది.

డిసెంబర్ 22

గన్నవరం అవతల మా బంధువుల రియల్ ఎస్టేట్ వెంచర్ ఉంది. ప్లాట్లు అమ్ముడుపోలేదు గానీ నలభై అడుగుల సిమెంటు రోడ్లు మాత్రం వేశారు. గేటు వేసుకుంటే మేకలు తప్ప ఎవరూ రారు. కొత్త ప్యాడ్లు డిస్కుకి అలవాటు పడాలి కదా: అరవై నుంచి పది దాకా గట్టి బ్రేకు, పూర్తిగా ఆపకుండా, పదిసార్లు. పది నిమిషాలు చల్లార్చడం. మళ్ళీ పది. గన్ థర్మామీటర్ రింగు మీద 340 చూపించింది. పెడల్ రాయిలా ఉంది. చాలా సంతోషంగా షెడ్డుకి వచ్చాను.

జాకీ ఎత్తి చూస్తే తీగలన్నీ వీణ తీగల్లా బిగుతుగా ఉన్నాయి. నెయిల్ పాలిష్ గీతలు ఒక్కటీ చెదరలేదు. ఫొటోలు తీసి బాబాయికి పంపాను.

"బాగుంది. టార్క్ చూశావా?"

తీగ ఉంది కదా, గీత కదల్లేదు కదా అన్నాను. ఫోన్‌లో కాసేపు ఏ శబ్దమూ లేదు. సరే, చూస్తానన్నాను.

టార్క్ రెంచిని (పెట్టిన టార్క్‌కి చేరగానే టక్‌మనే పానా) తక్కువలో 50 దగ్గర పెట్టి ఎడమ చక్రం పై బోల్టు మీద వేశాను. 50కే టక్‌మనాలి, బోల్టు ఉలకకూడదు. బోల్టు కదిలింది. మెత్తగా, వెన్నలో కదిలినట్టు. 70కి తెచ్చేసరికి గడియారం ముల్లు మూడు నిమిషాలు నడిచినంత తిరిగింది. తీగ వదులైన మొలతాడులా వేలాడింది. కింద బోల్టూ అంతే. కుడి వైపు ఒకటి కొంచెం, ఒకటి బాగానే ఉంది.

నెత్తిన చన్నీళ్ళు పోసినట్టయింది. వెనక్కి తిరగని బోల్టు వదులెలా అవుతుంది?

రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే అడాప్టర్ విప్పాక తెలిసింది. అడాప్టర్లకి నేను ముచ్చటపడి ఎర్రటి పౌడర్ కోటింగ్ వేయించాను. నాలుగు వైపులా, నకుల్‌కి ఆనే ముఖం మీద కూడా. పౌడర్ కోటింగ్ మామూలుగా 60 నుంచి 80 మైక్రాన్ల మందం. ఇక బోల్టు సంగతి: బిగించడం అంటే బోల్టుని స్ప్రింగులా సాగదీయడమే, ఆ సాగుడే ముక్కల్ని నొక్కి పట్టుకుంటుంది. ఇంత పొట్టి ఎం10 బోల్టు 70 దగ్గర ఎంత సాగుతుందో లెక్క వేశాను. 0.05 మి.మీ. దగ్గర, అంటే 50 మైక్రాన్లు. తల వెంట్రుక కూడా అంతకంటే లావు ఉంటుంది. నా రంగు మందం ఆ సాగుడు కన్నా ఎక్కువ! బ్రేకు వేడికి రంగు మెత్తబడి పక్కలకి చితికిపోయింది, బోల్టు కింద ముక్కలు సన్నబడ్డాయి, సాగిన స్ప్రింగు మళ్ళీ పొట్టిదైంది. ఎవరూ ఎటూ తిరగలేదు. అందుకే గీత చెదరలేదు, తీగ వదలలేదు. రెండూ చూసి నేను మురిసిపోయాను.

అలాగే ట్రాక్ మీదికి వెళ్ళుంటే? నొక్కుడు లేని అడాప్టర్ నకుల్ మీద అటూ ఇటూ జారడం మొదలుపెడుతుంది. యుంకర్ చెప్పిన అడ్డ కదలిక సరిగ్గా అదే. అప్పుడు బోల్టులు నిజంగానే తిరగబోతాయి, తీగ ఆపుతుంది, ఆగిన బోల్టు ఒంటి మీద ప్రతి బ్రేకుకీ కత్తిరింపు దెబ్బ పడుతుంది. తీగ తెగదు. బోల్టు కాడ తెగుతుంది. ఇంతకన్నా ఎక్కువ ఊహించడం నాకిష్టం లేదు.

గేదె, పలుపు మాట అప్పుడు గుర్తొచ్చింది. బాబాయికి ఫోన్ చేసి చెప్పాను. "రంగు వేయించావని నాతో చెప్పలేదే" అన్నాడు, అంతే.

డిసెంబర్ 29

ఆనే ముఖాల మీద రంగంతా గీకేశాం. మేస్త్రీ ఉలి పట్టాడు, నేను ఎమెరీ కాగితం. క్యాలిపర్ కూర్చునే చోట, బోల్టు తల ఆనే చోట కూడా మెరిసే ఇనుము కనిపించేదాకా. మిగతా ఎరుపు అలాగే ఉంది, చూడ్డానికి బొట్టు చెరిగినట్టుంది గానీ ఫరవాలేదు. బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, కొత్త బోల్టులు వేశాను. అదనంగా వేసిన రెండూ వాడేసి, ఇంకో ఆరు జిగ్‌లో పెట్టి తవ్వాను. ఈసారి ఒక్క బిట్టే విరిగింది.

ఇప్పుడు నా వరస మారింది. టార్క్ పెట్టి, తీగ కట్టకుండా వెంచర్‌కి వెళ్ళి పదిసార్లు బ్రేకులు వేసి వేడి చేసి, పూర్తిగా చల్లారాక మళ్ళీ టార్క్ చూశాను. నెయిల్ పాలిష్ గీతలు పెట్టి, నెమ్మదిగా, గేటు లోపలే. ఎనిమిదీ 70 దగ్గర ఉలక్కుండా టక్‌మన్నాయి. అప్పుడు కట్టాను తీగ.

టోపీ బోల్టులు ఎలా ఉన్నాయో చూడాలని అవి కూడా తెంపి చూశాను. అక్కడ రంగు లేదు, పదహారూ గట్టిగా ఉన్నాయి. మళ్ళీ కట్టేసరికి రాత్రి పదకొండు.

ఇంట్లో వాడే కార్లకి కూడా ఇది కట్టించుకోవచ్చా అని ఇద్దరు అడిగారు. అక్కర్లేదు. కంపెనీ బోల్టు, కంపెనీ చెప్పిన టార్క్, శుభ్రమైన ముఖం ఉంటే చాలు. ఆ బోల్టు తలకి ఇంట్లో డ్రిల్లు పెట్టడమే అసలు ప్రమాదం. చక్రం విప్పిన ప్రతిసారీ టార్క్ రెంచి వేసే ఓపిక ఉందా, ముందు అది చూసుకోండి.

జనవరి 27

నిన్న ఇరుంగాట్టుకోట్టై. నాలుగు విడతలు, మొత్తం ఇరవై రెండు ల్యాపులు. ఐదో ల్యాపు దాటింది, ఎనిమిదో ల్యాపూ దాటింది, పెడల్ అక్కడే ఉంది. మూడో విడతలో ప్యాడ్ల వాసన వచ్చింది గానీ ఆగడంలో తేడా లేదు. సంక్రాంతికి తెనాలిలో ఉండగా బాబాయి తీగలన్నీ ఫొటోల్లో పెద్దవి చేసి చూసి ఒక్క దానికి వంక పెట్టాడు, మెలికలు అయిదే ఉన్నాయని. బయల్దేరే ముందు దాన్ని మార్చాను.

ఇవాళ ఉదయం షెడ్డులో నాలుగు ఎం10 తీగలూ తెంపి టార్క్ చూశాను. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. కుడి వైపు ఒక తీగ మీద మాత్రం చిన్న మెరుపు గీత, బ్రేకు గొట్టం బిగింపు క్లిప్పు ఒరుసుకుంటోంది. క్లిప్పు అర అంగుళం పక్కకి జరిపాను.

మళ్ళీ నాలుగూ కట్టాను. ఇప్పుడు ఎం10 జంటకి పావుగంట చాలు. గిన్నె చూస్తే మూడు తోకలే ఉన్నాయి. బండి కింద టార్చి వేశాం, అయస్కాంతం తిప్పుదామని మేస్త్రీ తెచ్చాడు గానీ స్టెయిన్‌లెస్ కదా, అంటుకోదు. డిస్కు వెనక, రిమ్ము లోపల, ప్యాడ్ల సందులో, ఎక్కడా లేదు. అరగంట వెతికాక చీపురు తేవడానికి లేచి నాలుగడుగులు వేశాను, కాలి కింద ఏదో చురుక్కుమంది. నాలుగోది నా చెప్పు అడుగున గుచ్చుకుని ఉంది.